పదేళ్ళ నాటి బాకీ, తెల్లబడిపోయిన రశీదులు

పోయిన బుధవారం రాత్రి తొమ్మిది దాటాక మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకునే అక్క మా ఇంటికి వచ్చింది. మాది తిరుపతిలో కొర్లగుంట. మామూలుగా ఆ వేళకు ఆమె పిండి రుబ్బుకుంటూ ఉంటుంది. ఆ రోజు చేతిలో ఫోను పట్టుకుని వచ్చింది. అందులో ఒక కాగితం ఫోటో.

“దీంట్లో ఏం రాసుండాదో చదివి చెప్పమ్మా. సంతకం పెట్టేసినా. రెండు వేలు కూడా ఇచ్చినా. ఇంక రారంట.”

చదివాను. 2015లో బండి కోసం ఆమె తీసుకున్న అప్పు. వాయిదాలన్నీ 2016 చివరికల్లా అయిపోవాల్సింది. భర్త జబ్బుపడటంతో ఐదారు వాయిదాలు ఆగిపోయాయి. ఆ తర్వాత కొన్నాళ్ళు ఫోన్లు వచ్చాయి, అవీ ఆగిపోయాయి. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు ఎవరో వచ్చి, ముప్ఫై ఎనిమిది వేలు బాకీ ఉన్న మాట నిజమేనని, ఆరు నెలల్లో కట్టేస్తానని ఆమె రాసిచ్చినట్టుగా ఒక కాగితం తయారుచేసి, కింద సంతకం పెట్టించుకుని పోయారు. పీడ వదిలిపోతుందని ఆమె పెట్టింది. వారం కిందటి దాకా అది దావా వేసే గడువు దాటిపోయి, కోర్టులో నిలవని అప్పు. ఆ సంతకంతో మళ్ళీ దావా వేయడానికి వీలైన అప్పు అయింది.

ఆమె వెళ్ళిపోయాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. 2023లో మా అమ్మ కూడా ఇలాంటి కాగితం ముందే పెన్ను పట్టుకుని కూర్చుంది. ఆ రోజు నేను అరగంట ఆలస్యంగా వచ్చి ఉంటే మా కథా ఇంతే. అప్పటినుంచి నా మనసులో ఉన్న మాట ఇప్పుడైనా రాయాలనిపించింది: కాలం చెల్లిన అప్పును కట్టను అనడం దొంగతనం కాదు. మన రశీదులు పోయాయి, మనుషులూ పోయారు అని ఖాయం చేసుకున్నాక వచ్చి, మన చేతనే కొత్తగా రాయించుకోవడం తప్పు.

మా ఇంటికి వచ్చిన రోజు

మా నాయన రైల్వే స్టేషన్ దగ్గర వ్యాను తోలేవాడు. యాత్రికులను శ్రీకాళహస్తికి, కాణిపాకానికి, తిరుచానూరుకు తిప్పి తీసుకొచ్చేవాడు. 2011లో ఒక ఫైనాన్స్ కంపెనీలో అప్పు చేసి సొంతంగా పాత వ్యాను కొన్నాడు. రెండేళ్ళు బాగానే కట్టాడు. 2013 ఆగస్టులో సమైక్యాంధ్ర ఉద్యమం మొదలయ్యాక ఊళ్ళో పరిస్థితి ఎట్లా ఉండేదో ఇక్కడివాళ్ళకు చెప్పక్కరలేదు. ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి, రోజు విడిచి రోజు బంద్. మా బండి వారాల తరబడి ఇంటి ముందే ఉండిపోయింది. నాలుగు వాయిదాలు తప్పాయి. ఆ డిసెంబరులో బండి సీజ్ చేసి తీసుకుపోయారు. ఆ తర్వాత కూడా నాయన ఆఫీసుకు వెళ్ళి కొంత కట్టాడు, ఆఖరిసారి 2014 మార్చిలో. “బండీ పోయింది, బాకీ కూడా పోయిందనుకోండి” అని అమ్మతో అన్నాడు. 2019లో నాయనే పోయాడు.

2023లో వచ్చినవాళ్ళు ఇద్దరు కుర్రాళ్ళు. గొంతు పెంచలేదు, బెదిరించలేదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే రికవరీ అంటే మనకు గుర్తొచ్చేది రౌడీలే. వీళ్ళు చెప్పులు బయట విడిచి వచ్చి, నీళ్ళు తాగి, అమ్మను పెద్దమ్మా అని పిలిచారు. చేతిలో ఒక ప్రింటు కాగితం. అందులో అసలు బాకీ ఎనభై ఆరు వేలు, వడ్డీతో కలిపి రెండు లక్షల నలభై ఒక్క వేలు. “మేం మాట్లాడి ఇరవై ఐదు వేలకు క్లోజ్ చేయిస్తాం పెద్దమ్మా. ఈ రోజుకు రెండు వేలు ఇచ్చి ఇక్కడ సంతకం పెట్టండి చాలు” అన్నారు. బెంగళూరులో ఉన్న మా తమ్ముడి సంగతి కూడా వాళ్ళకు తెలుసు. తండ్రి బాకీ ఉంటే కొడుకు సిబిల్, అంటే బ్యాంకులు చూసే అప్పుల స్కోరు, దెబ్బతింటుందని, రేపు ఇంటి లోను రాదని చెప్పారు. చివరగా ఒకతను అన్న మాట ఇది: “కొండ మీద స్వామే కుబేరుడికి ఇంకా వడ్డీ కడతా ఉండాడు. మనమెంత పెద్దమ్మా?”

నేను గుమ్మంలోకి వచ్చేసరికి అమ్మ కళ్ళు తుడుచుకుంటూ పెన్ను మూత తీస్తోంది.

చట్టం సంగతి అప్పటికి నాకేమీ తెలీదు. నోటికి వచ్చింది అడిగాను. మీ ఐడీ కార్డు ఏది? కంపెనీ మీకు ఇచ్చిన లెటరు ఏది? బండి తీసుకుపోయారు కదా, ఎంతకు అమ్మారు? ఆ డబ్బు ఈ లెక్కలో ఎక్కడుంది? నాయన ఎప్పుడెప్పుడు ఎంత కట్టాడో స్టేట్‌మెంట్ ఏది? ఒక్కదానికీ జవాబు లేదు. అన్నీ ఆఫీసులో ఉన్నాయన్నారు. పోస్టులో పంపమన్నాను. ఆ తర్వాత మూడుసార్లు ఫోన్ చేశారు. కాగితం మాత్రం ఈ రోజుకూ రాలేదు.

వాళ్ళు వెళ్ళాక అమ్మ పరుపు కింది నుంచి పసుపు సంచి తీసింది. నాయన దాచిన రశీదులన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కటీ పారేయలేదు, వాయిదా వాయిదాకు పిన్ను కొట్టి పెట్టాడు. తీసి చూస్తే అన్నీ తెల్ల కాగితాలు. అవి మిషన్‌లో వచ్చే వేడి అచ్చు రశీదులు, నాలుగైదేళ్ళకే అక్షరాలు ఎగిరిపోతాయి. ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూశాం. ఒకదాని మీద తేదీలో సగం కనిపించింది. నాయన అంత జాగ్రత్తగా దాచినవి, కట్టినట్టు చూపించడానికి పనికిరాకుండా పోయాయి. కంపెనీ కంప్యూటర్లో ఉన్న ఎనభై ఆరు వేలు మాత్రం చెక్కుచెదరలేదు.

మూడేళ్ళ లెక్క

తర్వాత తెలిసినవాళ్ళ ద్వారా కోర్టు దగ్గర ఒక లాయరు గారిని కలిశాను. ఆయన చెప్పింది, ఆ తర్వాత నేను చదువుకున్నది కలిపి రాస్తున్నాను.

1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం మామూలు అప్పుకైనా ప్రోనోటుకైనా దావా వేయడానికి గడువు మూడేళ్ళు. అది దాటితే కాలదోషం పట్టినట్టే. మనం నోరు తెరిచి అడగకపోయినా, గడువు దాటిన దావాను కొట్టేయాల్సిన బాధ్యత జడ్జిదేనని ఆ చట్టం మూడో సెక్షనే చెబుతుంది. మా నాయన ఆఖరిసారి కట్టింది 2014 మార్చి. ఎటు లెక్క వేసినా 2017 తోనే గడువు ముగిసింది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. గడువు దాటాక పది రూపాయలు కట్టినా అప్పు మళ్ళీ మొదలవుతుందని అంటారు. అది పూర్తిగా నిజం కాదు. గడువు లోపల కొంత కట్టి, కట్టినట్టు మన చేతి రాతో సంతకమో ఉంటే అక్కడి నుంచి మళ్ళీ మూడేళ్ళు. బాకీ ఉన్నానని గడువు లోపల సంతకంతో రాసిచ్చినా అంతే. పాత నోట్ల వెనక చెల్లు, అంటే కొంత ముట్టినట్టు, రాయించి సంతకం తీసుకోవడం అందుకే. గడువు దాటిపోయాక ఉత్తగా డబ్బు కట్టినంత మాత్రాన పాత అప్పు లేచి కూర్చోదు. కానీ గడువు దాటాక ‘కడతాను’ అని రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది కొత్త ఒప్పందమే అవుతుంది. అంటే వచ్చినవాళ్ళకు కావలసింది అమ్మ చేతిలోని రెండు వేలు కాదు, ఆ కాగితం కింద పేరు. రెండు వేలు అడిగేది చేయి సంతకం దాకా రావడానికి. వాట్సాప్‌లో ‘వచ్చే నెల ఇస్తాను సార్’ అని పెట్టే మెసేజ్‌ను కూడా రాతగా చూపించి వాదించవచ్చు. చెక్కు అయితే చెప్పనే అక్కర్లేదు.

మరి పాత అప్పు ఏదైనా భయం లేదా అంటే, అదీ కాదు. మూడేళ్ళ మాట విని ధీమాగా కూర్చుని దెబ్బతిన్నవాళ్ళున్నారు. ఇల్లో పొలమో తాకట్టు రాసిన అప్పుకు గడువు పన్నెండేళ్ళు. కోర్టు డిక్రీ ఇప్పటికే వచ్చి ఉంటే దాన్ని అమలు చేసుకోవడానికి కూడా పన్నెండేళ్ళు ఉంది. బండ్ల ఫైనాన్స్‌లో ఇంకో చిక్కు: అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ అని ఒక షరతు ఉంటుంది, అంటే తగాదాను కోర్టుకు బదులు మధ్యవర్తి తేల్చడం. ఎక్కడో వేరే ఊళ్ళో ఆ మధ్యవర్తి తీర్పు, అంటే అవార్డు, వచ్చేసి ఉంటుంది, నోటీసు పాత అద్దె ఇంటికి వెళ్ళి తిరిగిపోయి ఉంటుంది. ఆ అవార్డు డిక్రీతో సమానం. అందుకే లాయరు గారు మొదట అడిగింది, అవార్డు ఏమైనా ఉందని వాళ్ళు చెప్పారా అని. ఇంకొకటి, కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2018, 2019 నాటి అప్పులకు మూడేళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే దాదాపు రెండేళ్ళు తప్పిపోతాం.

కోర్టు నుంచి సమన్లు వస్తే మాత్రం గడువు దాటింది కదా అని చింపి పారేయకూడదు. వెళ్ళాలి. రికవరీ వాళ్ళు చేతికిచ్చే కాగితం వేరు, కోర్టు కాగితం వేరు.

వడ్డీకాసులవాడి ఊళ్ళో

చట్టం తెలిశాక కూడా అమ్మకు మనసు కుదుటపడలేదు. “కోర్టు ఒప్పుకోకపోతే మాత్రం, అప్పు అప్పే గదా” అంది. ఆ మాటను నేను తోసేయలేను. చట్టం కూడా ఆమె పక్షమే. కాలదోషం పడితే దావా హక్కు పోతుంది, అప్పు చచ్చిపోదు. సుప్రీంకోర్టు 1958లోనే ఒక తీర్పులో ఈ తేడా చెప్పింది. మన పేరున ఆ బాకీ క్రెడిట్ రిపోర్టులో ఏళ్ళ తరబడి కనిపించవచ్చు కూడా.

ఈ ఊళ్ళో అప్పు అనే మాటకు వేరే బరువు ఉంది. స్వామి కుబేరుడి దగ్గర అప్పు తీసుకుని కలియుగాంతం దాకా వడ్డీ కడతాడని వింటూ పెరిగాం. హుండీలో వేసే ప్రతి రూపాయితో ఆయన అప్పుకు మన వంతు ఇస్తున్నామనుకునే మనుషులం. ఆ కుర్రాడికి ఇది తెలుసు, అందుకే అమ్మ మీద ఆ మాట వేశాడు. అయితే ఆ కథనే సరిగ్గా గుర్తు చేసుకుందాం. తీసుకున్నవాడే పత్రం రాశాడు. బ్రహ్మ, శివుడు సాక్షులు. ఎంత తీసుకున్నాడో, ఎందుకు తీసుకున్నాడో ఇద్దరికీ తెలుసు. ఇచ్చిన కుబేరుడు ఇచ్చిన చోటే ఉన్నాడు. మా అమ్మ ముందుకు వచ్చిన కాగితంలో ఇవేవీ లేవు. అప్పు తీసుకున్న మనిషి లేడు. ఇచ్చిన ఆఫీసు మూతపడి ఏళ్ళయింది. ఎంత కట్టాడో చెప్పే రశీదులు తెల్లబడిపోయాయి. అడిగిన కుర్రాళ్ళకు నాయన ముఖం కూడా తెలీదు.

ఇక కొడుకు సంగతి. తండ్రి అప్పు కొడుకు తీర్చాలనేది మనలో లోతుగా నాటుకుపోయిన మాట. ఒకప్పుడు హిందూ ధర్మశాస్త్రం పేరుతో కోర్టులు కూడా దాన్ని అమలు చేసేవి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, ఆ ధర్మబాధ్యత అనే ఒక్క కారణంతో తండ్రి అప్పుకు కొడుకునో మనవడినో పట్టుకోవడం కుదరదని రాశారు, ఆ సవరణ తర్వాత చేసిన అప్పులకు. తండ్రి వదిలి వెళ్ళిన ఆస్తి ఎంత ఉంటే అంత మేరకే వారసుల బాధ్యత. మా నాయన వదిలింది ఒక మంచం, ఒక సైకిలు, ఆ పసుపు సంచి. తమ్ముడు జామీను సంతకం పెట్టలేదు, కాబట్టి వాడి సిబిల్‌కు దీనితో సంబంధం లేదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే అమ్మ ఆ రోజు ఏడ్చేది కాదు.

పిన్నమ్మ నోటు

ఇంత రాస్తున్నప్పుడు మా పిన్నమ్మ ముఖం గుర్తొస్తూనే ఉంది. ఆమెది చిత్తూరు దగ్గర ఐరాల. పాల డబ్బులు కూడబెట్టి, పక్కింటాయనకు నూటికి రెండు వడ్డీతో నలభై వేలు ఇచ్చింది, నోటు రాయించుకునే. ఆయన “మామిడికాయ దిగనీ, ఇస్తా” అంటూ వచ్చాడు. ఒక ఏడు పూత రాలింది, ఒక ఏడు గుజ్జు ఫ్యాక్టరీల్లో ధర పడిపోయింది. మధ్యలో నోటు తిరగరాయమని అడగడానికి ఆమెకు మొహమాటం. అడిగితే నమ్మకం లేదా అంటారేమోనని. మూడేళ్ళు దాటిపోయాయి. లాయరు నోటు తిప్పి చూసి, వెనక ఒక్క చెల్లు కూడా లేదే అని ఇచ్చేశాడు.

నన్ను కాపాడిన చట్టమే పిన్నమ్మ నోరు కట్టేసింది. ఈ సంగతి నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. మొహమాటపడే మనిషికి శిక్ష, ఎగ్గొట్టేవాడికి వరం అయితే అది ఏం న్యాయం? ఇంటి పక్కవాళ్ళకు చేతి అప్పులు ఇచ్చే ఆడవాళ్ళు మన జిల్లాలో ఎంతమందో. వాళ్ళకు కోర్టు కాలెండరు తెలీదు.

పిన్నమ్మ ఆయనను కాణిపాకం రమ్మంది. బాకీ లేదని పుష్కరిణిలో మునిగి స్వామి ముందు ప్రమాణం చెయ్యమంది. ఆయన వెళ్ళలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, “లేదని నేనెప్పుడన్నా అన్నానా వదినా” అన్నాడు. ఆ తర్వాత రెండు కాపుల్లో కొంత కొంత ఇచ్చాడు. ఇంకా పన్నెండు వేలు రావాలి. వస్తుందో రాదో చెప్పలేను.

అట్లాగని నా అభిప్రాయం మారలేదు, కాకపోతే ఒక తేడా కనిపించింది. పిన్నమ్మ అప్పులో ఇద్దరికీ అంకె తెలుసు, ఎదురుపడితే తల దించుకోవాల్సిన మనిషి ఉన్నాడు. అలాంటి అప్పు కోర్టు గడువు దాటినా తీర్చాల్సిందే, నేనైతే తీరుస్తాను. మా నాయన అప్పులో అంకె ఎవరికీ తెలీదు. నిజంగా ఎంతో కొంత బాకీ ఉండే ఉంటుంది, నేను కాదనను. కానీ బండి అమ్మిన డబ్బు లెక్క చెప్పకుండా, మూడేళ్ళలో కోర్టుకు వెళ్ళే తీరిక, లాయర్లు, కంప్యూటర్లు అన్నీ ఉన్న కంపెనీ, పదేళ్ళ తర్వాత ఒక ఒంటరి ఆడమనిషి దగ్గరికి వచ్చి అంకె చెబితే దాన్ని నిజమని నమ్మాల్సిన బాధ్యత నా మీద లేదు. పిన్నమ్మకు మొహమాటం అడ్డొచ్చింది. కంపెనీకి ఏం అడ్డొచ్చింది?

ఎవరైనా నన్ను అడిగితే

అప్పటినుంచి మా వీధిలో ఇలాంటి సంగతి వస్తే నా దగ్గరికే వస్తున్నారు. చెప్పేది పెద్దగా ఏమీ ఉండదు. ఇంట్లోకి రానివ్వాల్సిన పనిలేదు, గుమ్మం దగ్గరే మాట్లాడండి. బాకీ ఉందనీ అనొద్దు, లేదనీ అనొద్దు. ఎవరు పంపారో, ఏ అధికారంతో వచ్చారో, అప్పును వేరే కంపెనీకి అమ్మేసి ఉంటే ఆ పత్రం ఏదో, మొదటి నుంచి ఇప్పటిదాకా లెక్క ఏదో, అన్నీ రాతలో పంపమనండి. ఆ లోపల రూపాయి ఇవ్వొద్దు, సంతకం, వేలిముద్ర, చెక్కు, మెసేజ్ ఏదీ వద్దు. సెటిల్‌మెంట్ చేసుకోవాలని మీకే అనిపిస్తే లాయరుకు చూపించాక, కంపెనీ లెటరు చేతికి వచ్చాక, కంపెనీ ఖాతాలోకే కట్టండి, కుర్రాడి ఫోన్ నంబరుకు కాదు.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు తమ ఏజెంట్లు చేసే పనికి తామే బాధ్యులని ఆర్బీఐ చెప్పింది. 2022 ఆగస్టు 12 నాటి ఆదేశం ప్రకారం బాకీ వసూలుకు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరించడం, నలుగురిలో పరువు తీయడం, చుట్టాలకు ఫోన్లు చేసి చెప్పడం కుదరదు. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు విచారించే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు, 14448 నంబరుకు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. చేతి అప్పులు ఇచ్చే వడ్డీ వ్యాపారులకు ఇది వర్తించదు. వాళ్ళు బెదిరిస్తే పోలీస్ స్టేషనే.

లాయరుకు ఇచ్చుకోలేమని ఆగిపోయేవాళ్ళకు ఒక మాట. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కి ఫోన్ చేయవచ్చు, లేదా కోర్టు ఆవరణలోని వాళ్ళ ఆఫీసుకే వెళ్ళవచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్ళు మా వీధిలో ఇద్దరే. ఒకరు నేను, రెండో మనిషి మా అమ్మ. ఇప్పుడు ఆమే అందరికీ చెబుతోంది.

ఇంకో చిన్న పని: వాయిదా రశీదు చేతికి రాగానే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, జిరాక్స్ కూడా తీయించండి. అప్పు తీరిన రోజు, ఇంక బాకీ లేదని కంపెనీ రాసిచ్చే నో డ్యూస్ లెటరు తీసుకోకుండా ఆఫీసు గడప దాటవద్దు.

ఇడ్లీ బండి అక్క సంగతి మా కంటే కష్టం. సంతకం పెట్టేసింది కాబట్టి ఇప్పుడు ఆ కాగితాన్ని మోసపుచ్చి రాయించుకున్నారని వాదించాలి. రెండు వేలకు రశీదు కూడా ఇవ్వలేదు. నిన్న సాయంత్రం మళ్ళీ వచ్చింది. ఫోటోను పెద్దది చేసి ఇద్దరం ప్రతి లైనూ చదివాం. సంతకం కింద తేదీ రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ తేదీ వాళ్ళు ఏది వేసుకుంటారో తెలీదు. మనకున్న ఆధారం ఫోన్‌లో ఆమె కొడుకు ఆ రోజే తీసిన ఈ ఫోటో ఒక్కటే. దాన్ని నా ఫోన్‌కు, తమ్ముడి ఫోన్‌కు పంపించి పెట్టాను. సోమవారం పొద్దున ఆమె బండి పని ముగియగానే ఇద్దరం కోర్టు దగ్గరికి వెళ్తున్నాం.